పడవ కాదు, బురద చూడాలి

చైనాలో షాంఘై నగరానికి పడమరగా సుమారు 120 కిలోమీటర్లు పోతే నాన్‌షున్ వస్తుంది. దాన్ని నీళ్ల ఊరు అంటారు. వీధి ఉండాల్సిన చోట కాలువ ఉంటుంది. ఇళ్ల మెట్లు నీళ్లలోకి దిగుతాయి. అటూ ఇటూ పోవడానికి రాతి వంతెనలు. పొద్దున బస్సెక్కి వచ్చినవాళ్లు పడవలో ఒక చుట్టు తిరిగి, ఫొటోలు దిగి, సాయంత్రానికి వెనక్కి మళ్లుతారు. చేపల రైతుల వెంట వెళ్లిన నేను చూసిందీ ఒక్క పగలే. అయితే రైతన్నవాడు అక్కడ చూడాల్సింది పడవ కాదు, కాలువ అడుగున ఉన్న బురద.

తైహు సరస్సుకు దక్షిణాన ఉన్న ఈ హుజౌ ప్రాంతం పల్లపు నేల, ఒకప్పుడు చిత్తడి. అక్కడి పెద్దలు నీరు నిలిచే చోటును ఇంకా లోతుగా తవ్వి గుంట చేశారు. తీసిన మట్టిని చుట్టూ కట్టగా పోశారు. కట్ట మీద మల్బరీ వేశారు, గుంటలో చేపలు వదిలారు. మల్బరీ ఆకు పట్టుపురుగుకు. పురుగుల పెంట, దారం తీశాక గూటిలో మిగిలే పురుగు చేపలకు. చేపల రెట్ట అడుగుకు చేరి బురదవుతుంది. చలికాలంలో ఆ బురద ఎత్తి మళ్లీ మల్బరీ మొదళ్లకే పోస్తారు. ఊరు దాటి పోయేది అమ్ముకునే పట్టు, చేపలు మాత్రమే. మన చెరువుల్లో పెంచే గడ్డిచేప, వెండిచేప కూడా మొదట చైనావే.

నాన్‌షున్ కాలువల పక్కన పెద్ద పెద్ద మేడలున్నాయి. పట్టు వర్తకుల సంపాదన అది. గైడు వాటి సంగతి చెబుతాడు గాని, ఏటేటా నడుం వంచి బురద ఎత్తినవాళ్ల సంగతి చెప్పడు. ఎక్కడైనా అంతే కదా!

దగ్గర్లోని దీగాంగ్ పల్లెలో ఈ పద్ధతి ఇంకా బతికే ఉంది. 2017లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ హుజౌ మల్బరీ కట్టలు, చేపల గుంటల పద్ధతిని వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అలాగని చైనా అంతటా ఇలాగే ఉందనుకోవద్దు. అక్కడికి చాలా దక్షిణాన, హాంకాంగ్ వైపున్న ముత్యాల నది డెల్టాలో కూడా ఇలాంటి కట్టలే ఉండేవి. 1980 తర్వాత ఫ్యాక్టరీలు పెరిగాయి, బస్తా ఎరువు, కొనే మేత వచ్చాయి, మల్బరీ కట్టలు చాలామటుకు పోయాయి. బురద ఎత్తడం మానితే గుంట పూడుతుంది. ఈ ముక్క మనకు చైనావాడు చెప్పాలా?

తైహు ఒడ్డునున్న పాత కాలువలను అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2016లో వారసత్వ కట్టడాల్లో చేర్చింది. అదే సంస్థ 2020లో మన కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును కూడా చేర్చింది. 1369 నాటి శాసనం ఉన్న చెరువది. గౌరవం ఇద్దరికీ దక్కింది, బాగానే ఉంది. కాని మన దగ్గర పూడికతీత అంటే ప్రొక్లైనరు, కాంట్రాక్టరు, బిల్లు అన్నట్టయింది. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ, ఆంధ్రలో నీరు-చెట్టు వచ్చినప్పుడు కొన్నిచోట్ల రైతులే ట్రాక్టర్లు పెట్టి మట్టి తోలుకున్నారు. అది పథకం ఉన్నన్నాళ్లు జరిగే పని కాకూడదు. ఏటా చెరువు ఎండగానే జరగాలి.

మన మెట్ట ఊళ్లలో మల్బరీ కట్టలు, నిండు గుంటలు కుదరవు, అన్ని నీళ్లు మనకు లేవు. మట్టి తోలడం కుదురుతుంది. ఎర్ర చెలకకు, ఇసుక పాలు ఎక్కువున్న చేనుకు చెరువు మట్టి తోలితే తేమ నిలుస్తుంది, పోషకాలూ అందుతాయి. నల్లరేగడికి ఆ ఖర్చు దండగ. చౌడు తేలిన మట్టి, ఊరి మురుగు కలిసే చెరువు మట్టి తోలొద్దు. తోలే ముందు మట్టి నమూనా పరీక్షకు పంపండి.

మట్టికి ధర లేకపోయినా ట్రాక్టరు బాడుగ ఉంది. ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే దాన్ని మోయలేడు. పదిమంది కలిసి బాడుగ మాట్లాడుకోవాలి, అందులో సగం పంచాయతీ పెట్టుకోవాలి. ఏ చెరువు, ఎంత లోతు, ఎవరి చేలకు అన్నది సంక్రాంతి దాటగానే గ్రామసభలో తేల్చుకుంటే, ఎండాకాలంలో చెరువు ఎండేనాటికి బండ్లు సిద్ధంగా ఉంటాయి.