క్రీములో ‘యాసిడ్’ అని ఉంటే భయపడాలా?

పోయిన నెల కృష్ణగిరి నుంచి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని హోసూరులోని మా దవాఖానాకు వచ్చింది. అమ్మాయికి నిఖా కుదిరింది. తల్లి చేతిలో ఒక పేరున్న క్రీము డబ్బా ఉంది. "హకీం సాబ్, దీని మీద స్టియారిక్ యాసిడ్ అని రాసుంది. బిడ్డ ముఖం కాలిపోదు కదా?" అని అడిగింది.

యాసిడ్ అనగానే మనకు బాత్రూం కడిగే సీసా గుర్తొస్తుంది. ఇది అది కాదు. స్టియారిక్, పాల్మిటిక్, లారిక్, ఒలీయిక్ అనేవి కొవ్వు ఆమ్లాలు. మీ వంటింట్లోని కొబ్బరి నూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లమే. మేమిచ్చే రోగనె బాదాంలో ఎక్కువ భాగం ఒలీయిక్. నూనెలోని ఈ ఆమ్లాలు కాస్టిక్ సోడాతో కలిస్తేనే సబ్బు అవుతుంది. సబ్బు అట్ట మీద టి.ఎఫ్.ఎం. 76 శాతం అని వేస్తారే, అది ఈ కొవ్వు పదార్థం లెక్కే. ఎక్కువ ఉంటే మంచి సబ్బు. స్టియారిక్ చూడడానికి తెల్లని మైనంలా ఉంటుంది. మన నానమ్మలు రాసుకున్న ‘స్నో’కు ఆధారం అదే.

అమెరికాలో సౌందర్య సాధనాల దినుసులను పరిశీలించే నిపుణుల సంఘం ఈ నాలుగింటినీ, వాటితోపాటు మిరిస్టిక్ ఆమ్లాన్నీ పరీక్షించి, వాడుకలో ఉన్న మోతాదుల్లో ప్రమాదం లేదని 1987లోనే తేల్చింది.

అలాగని నూనె ఏదైనా అందరికీ మంచిదనుకోకండి. ఒలీయిక్ ఎక్కువగా ఉన్న నూనె చర్మపు పైపొరను కొంత వదులు చేస్తుంది. హోసూరు చలికి పసిపిల్లల ఒళ్లు పగులుతుందని రోజూ రోగనె జైతూన్ పట్టించే ఇళ్లు నాకు తెలుసు. అప్పుడే పుట్టిన పిల్లలకు ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె రాసి చూస్తే, చర్మపు రక్షణ పొర ఏర్పడడంలో వెనుకబాటు కనిపించిందని 2015లో ఇంగ్లాండులోని మాంచెస్టర్ పరిశోధకులు చెప్పారు. చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె ఉంచడమూ తప్పే. చుండ్రు పెంచే సూక్ష్మజీవికి ఆ నూనే మేత. రోగన్లు అమ్ముకునే నేనే ఈ మాట అంటున్నానని మా తోటి హకీములు నొచ్చుకున్నా సరే.

ఇంతకీ అమ్మాయి ముఖం చూస్తే కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. ఇంకేమైనా రాస్తున్నావా బేటీ అని అడిగితే, సంచిలోంచి ఇంకో చిన్న డబ్బా తీసింది. పేరు లేదు, దినుసుల పట్టీ లేదు, తయారీదారు అడ్రసు లేదు. వారంలో తెల్లబడతావని స్నేహితురాలు ఇచ్చిందట. తల్లి దాని గురించి ఒక్క మాటా అడగలేదు, ఎందుకంటే దాని మీద ‘యాసిడ్’ అని లేదు!

అసలు భయపడాల్సింది ఇలాంటి వాటికే. త్వరగా తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కలుపుతారు. అది చర్మం గుండా లోపలికి దిగి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు వైద్యులు బయటపెట్టారు. మన దేశపు 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ముఖానికి రాసే క్రీములో పొరపాటున చేరిన పాదరసం కూడా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. (మా కుష్తాల్లోనూ పాదరసం వాడిన హకీములున్నారు. నేను వాడను.)

ఆ డబ్బా వెంటనే మానేసి, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో పరీక్ష చేయించి, రిపోర్టుతో మూత్రపిండాల డాక్టరును కలవమన్నాను. ఇది నా రోగన్లతో తీరే పని కాదు.

వెళ్తూ వెళ్తూ తల్లి ఇంకో ప్రశ్న వేసింది: ఈ స్టియారిక్ జంతువు కొవ్వుదా, పామాయిల్‌దా? న్యాయమైన ప్రశ్నే. రెండింటి నుంచీ తీస్తారు, పట్టీలో పేరు మాత్రం ఒకటే ఉంటుంది. అట్ట మీద పచ్చ చుక్కో, హలాల్ ముద్రో ఉందేమో చూడండి, లేకపోతే కంపెనీకి ఉత్తరం రాసి అడగండి. చర్మానికి రెండూ ఒకటే. మసలా సంగతి మీ ముఫ్తీ సాహెబును అడగమ్మా అన్నాను, కానీ ముందు ఆ పరీక్ష చేయించమన్నాను.