లెక్క తేలాకే వల

భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతు రోజుల లెక్కన చెరువులో వల విసిరి కౌంటు చూసుకుంటాడు. ఎన్ని బతికాయో, ఎంత ఎదిగాయో అంచనాకు రాకుండా మేత పెంచడు, పట్టుబడికి తేదీ పెట్టడు. రెండెకరాల చెరువుకే ఇంత జాగ్రత్త. అంటార్కిటికా చుట్టూ ఏటా లక్షల టన్నుల క్రిల్ పట్టుకుపోతున్న వ్యాపారానికి మాత్రం 2000లో ఒకసారి, 2019లో మరోసారి చేసిన పెద్ద సర్వేలే ఆధారం.

క్రిల్ మన రొయ్యకు దూరపు చుట్టంలా కనిపించే జీవి. ఆరు సెంటీమీటర్లు ఎదిగితే గొప్ప. తిమింగలం, సీల్, పెంగ్విన్ అన్నీ దాని మీదే బతుకుతాయి. ఇప్పుడు సాల్మన్ చేపల మేతకూ, ఒమేగా-3 మాత్రలకూ అదే కావాలి. 2024-25 సీజన్‌లో దక్షిణ అట్లాంటిక్ వైపు వేట మొదటిసారిగా 6,20,000 టన్నుల పరిమితిని తాకింది. నవంబరు 30 దాకా సాగాల్సిన సీజన్‌ను ఆగస్టు మొదట్లోనే మూసేయాల్సి వచ్చింది. దీంతో పరిమితి పెంచాలన్న ఒత్తిడి సహజంగానే పెరుగుతోంది. పెంచకూడదని ఈ పత్రిక అభిప్రాయం. శాశ్వతంగా అని కాదు, లెక్క తేలేదాకా.

లెక్క ఎలా కడతారో చూస్తే ఎందుకంటున్నామో అర్థమవుతుంది. నౌక తిన్నని గీతల వెంట సాగుతూ నీళ్లలోకి ధ్వని తరంగాలు వదులుతుంది. క్రిల్ గుంపులకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని బలాన్ని కొలుస్తారు. మధ్యమధ్య వల దించి క్రిల్ పొడవు చూస్తారు. ఒక్కో క్రిల్ ఎంత ప్రతిధ్వని ఇస్తుందన్నది దాని పొడవును బట్టి, అది నీళ్లలో ఒరిగి ఉన్న తీరును బట్టి మారుతుంది. దానికి ఒక సూత్రం వాడతారు. చిక్కంతా అక్కడే. 2000 జనవరిలో నాలుగు దేశాల నౌకలు తెచ్చిన సమాచారం నుంచి మొదట 4.43 కోట్ల టన్నులని తేల్చారు. తర్వాత అది 3.73 కోట్లకు తగ్గింది. 2010లో మళ్లీ కట్టి 6.03 కోట్లన్నారు. ఈ మూడు అంకెల మధ్య నౌక మళ్లీ కదిలింది లేదు, మారింది సూత్రం. శాస్త్రవేత్తలు తమ లెక్కను తామే దిద్దుకున్నారు, అది వాళ్ల నిజాయితీ. ఇన్ని దిద్దుబాట్లు పడ్డ అంకెను ఎక్కువ వేటకు హామీపత్రంలా చూపడమే తప్పు.

2019 సర్వే 6.26 కోట్ల టన్నులని చెప్పింది కాబట్టి తగ్గిందేమీ లేదని కొందరి వాదన. క్రిల్ ఒక ఏడాది విరగకాస్తుంది, మరో ఏడాది చిక్కదు. పిల్ల క్రిల్ చలికాలమంతా సముద్రపు మంచు అడుగున పెరిగే నాచును తిని గట్టెక్కుతుంది, మంచు పలచబడితే ఆ ఏడు పంట దెబ్బతింటుంది. ఇరవై ఏళ్లలో రెండు ఏడాదులు చూసి మిగతా పద్దెనిమిదీ బాగున్నాయనడం ఏ లెక్క?

కంపెనీలు చెప్పే ‘పట్టేది ఒక్క శాతమే’ అన్న మాట కూడా నిలవదు. ప్రాజెక్టులో నీళ్లు నిండుగా ఉన్నాయంటే శివారు ఆయకట్టు రైతు కడుపు నిండుతుందా? ఆ ఒక్క శాతాన్ని సముద్రమంతటా పట్టరు. బ్రాన్స్‌ఫీల్డ్ జలసంధిలో, సౌత్ ఆర్క్‌నీ దీవుల దగ్గర, అంటే పెంగ్విన్లూ తిమింగలాలూ మేతకు వచ్చే చోటే నౌకలు గుమిగూడతాయి. పైగా పెద్ద సర్వేలు జరిగేది నడివేసవిలో. అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర వేట ముదిరేది ఆ తర్వాత, శరత్తులో. వేటను నాలుగు ప్రాంతాలకు పంచుతూ 2009లో తెచ్చిన నిబంధనను 2024లో, ఈ వేటను నియంత్రించే కమిషన్‌లో ఏకాభిప్రాయం కుదరక, పొడిగించలేదు. మరుసటి సీజన్‌లోనే పరిమితి నిండిపోయింది. ఆ 6,20,000 కూడా ఏ సర్వే చెప్పిన సంఖ్యా కాదు, ఒక్కో ప్రాంతంలో గతంలో పడ్డ గరిష్ఠ వేటల మొత్తం.

అందుకే ముందు పాత పంపకాన్ని పునరుద్ధరించాలి. క్రిల్ నౌకలన్నింటికీ ధ్వని తరంగాలు వదిలే ఎకోసౌండర్లు ఉన్నాయి. అనుమతి కావాలంటే నిర్ణీత గీతల మీద, శరత్తులో కూడా, సర్వే చేసి సమాచారం అప్పగించాలని షరతు పెట్టాలి. స్వతంత్ర శాస్త్ర నౌకల ఖర్చుకు టన్నుకింత అని రుసుం వసూలు చేయాలి. లాభం వాళ్లది, లెక్క ఖర్చు ప్రభుత్వాలదీ అంటే కుదరదు.

హోబర్ట్ కేంద్రంగా పనిచేసే అంటార్కిటిక్ సముద్ర జీవ వనరుల సంరక్షణ కమిషన్‌లో మన దేశం 1986 నుంచి సభ్యురాలు. మనకు క్రిల్ నౌకలు లేవు. అలాగని చేతులు దులుపుకోలేం. క్రిల్ పొడి రొయ్యల మేతలోనూ కలిపే సరుకే, దేశంలో ఎక్కువ రొయ్యలు పండించేది ఆంధ్రప్రదేశే. ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు పడవలు గట్టుకు చేర్చి పస్తులకు ఓర్చే మత్స్యకారులున్న తీరం కూడా ఇదే. వాళ్లకు వర్తించే క్రమశిక్షణ భారీ ట్రాలర్లకు ఎందుకు వర్తించదని అడిగే హక్కు మనకుంది. కమిషన్‌లో ఒక్క దేశం కాదన్నా తీర్మానం ఆగిపోతుంది. ఈ వెసులుబాటుతోనే రష్యా, చైనా ఏళ్లుగా రక్షిత ప్రాంతాల ప్రతిపాదనలను అడ్డుకుంటున్నాయి. రాబోయే సమావేశంలో పరిమితి పెంపు ప్రతిపాదన బల్ల మీదికొస్తే, పంపకమూ సర్వే క్యాలెండరూ కాగితం మీద పడేదాకా భారత ప్రతినిధి బృందం కాదనే చెప్పాలి.