కాలువ ఈతగాళ్ళూ, ఒలింపిక్ పతకాలూ

“మన కాలువల్లో ఈదే కుర్రాళ్ళను తీసుకెళ్ళి దింపితే ఒలింపిక్స్‌లో పతకాలు మూటగట్టుకుని వస్తారు.” మా పర్చూరు వైపు అరుగుల మీద ఈ మాట వినని వారుండరు. చదువుకున్నవారు సైతం తలలూపుతారు. ఇది ఒట్టి డంబమనీ, పిల్లలకు చేటు చేసే డంబమనీ నా అభియోగం.

నడుముకి బెండ్లు కట్టుకుని నేర్చిన ఈత ప్రాణం కాపాడుతుంది. అది చిన్న విషయమని నేననను. కానీ ఏటవాలుకి కొట్టుకుపోతూ వేసే బారలకు లెక్క ఏది? తాకి వెనుదిరగడానికి గోడ ఏది? పైగా వేసవి సెలవుల్లో, పిల్లలకు తీరిక ఉన్న ఆ రెండు నెలలూ, కాలువలో నీళ్ళే ఉండవు. మంచినీటి చెరువులో దిగనివ్వరు, దిగకూడదు కూడా. ఇక యాభై మీటర్ల పోటీ కొలను మా మండలంలో ఎక్కడుందో ఆ అరుగు మీది పెద్దలే చూపించాలి. (గుంటూరు, ప్రకాశం, ఇప్పుడు బాపట్ల: జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది.)

ఒంటరి ఈతగాడి సంగతి అలా ఉంచి రిలే సంగతి చూడండి. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన ఆడపిల్లలు నలుగురు 4×200 మీటర్ల ఫ్రీస్టయిల్ రిలేలో జాతీయ రికార్డు నెలకొల్పి ఫైనల్ చేరారు. వారిలో ఒకరు హైదరాబాదుకు చెందిన వృత్తి అగర్వాల్. తక్కిన ముగ్గురు ధినిధి దేసింఘు, శివాంగి శర్మ, హషిక రామచంద్ర. పతకం రాలేదు. మీలో ఎందరు ఈ నాలుగు పేర్లు విన్నారు?

రిలే ఈతగత్తె బ్రతుకు విచిత్రమైనది. ముందు ఈదుతున్న అమ్మాయి గోడను తాకకముందే తన పాదం దిమ్మెను వదిలితే, నలుగురి శ్రమా ఏటిపాలు. యంత్రం క్షమించేది సెకనులో నూరింట మూడు వంతులే. మరొక సంగతి చాలామందికి తెలియదు. మొదట దూకిన వారి సమయం మాత్రమే సొంత రికార్డుగా చెల్లుతుంది. రెండు, మూడు, నాలుగు స్థానాల్లో దూకినవారు ఎంత వేగంగా ఈదినా, ఆ వేగం జట్టు లెక్కలో కలిసిపోతుంది తప్ప వారి పేర రికార్డుగా నమోదు కాదు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో వంద మీటర్ల స్వర్ణం గెలిచిన సచిన్ నాగ్‌ను నేటికీ తలచుకుంటాం. అవే పోటీల్లో ఆయనతో కలిసి రిలేలో కాంస్యం తెచ్చిన ముగ్గురి మాట ఎవరైనా ఎత్తగా విన్నారా?

రిలేకు ఒక్క మేటి చాలడు. ఒకరికొకరు దాదాపు సరితూగే నలుగురు కావాలి. ఒక్క ప్రతిభావంతుడు ఏ మారుమూలైనా పుట్టవచ్చు, ఎవరో చేరదీయనూవచ్చు. నలుగురు రావాలంటే నాలుగు వందల మంది ఒకే నీటిలో, ఒకే గురువు కింద, ఏడాది పొడుగునా ఈదాలి. మా అరుగుల పెద్దలకు గొంతులో పడే వెలక్కాయ ఇదే. ఒకే నీటిలో!

పర్చూరు పక్కనే కారంచేడు. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. వారు తాగే చెరువు నీటిని మురికి చేయడాన్ని ప్రశ్నించడం దగ్గరే ఆ తగాదా మొదలైంది. నీరు ఎవరిదన్న ప్రశ్న మీద నెత్తురు పారిన నేల ఇది. ఇక్కడి కుర్రాళ్ళందరూ ఒకే రేవులో ఈత నేర్చి పతకాలకు సిద్ధంగా ఉన్నారని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! “కుర్రాళ్ళు” అన్న ఆ మాటలో ఆడపిల్లలు లేనే లేరు. కాలువ గట్టున బట్టలుతికే చోటు వరకే వారికి అనుమతి.

పత్తి పండించి, మిర్చిని దాచుకోవడానికి శీతల గిడ్డంగులు కట్టుకోగలిగిన ఈ నల్లరేగడి సీమకు ఒక కొలను బరువా? బరువు కాదు. కాలువ ఉండగా కొలనెందుకన్న వాదమే అడ్డు. ఆ వాదం చేసే పెద్దమనుషులను నేను అడుగుతున్నాను: మీ ఇంటి ఆడపిల్లల్లో ఈత వచ్చినవారు ఎందరు? నలుగురున్నారా?