జిల్లా గీతే సరిహద్దయితే

వైరా నుండి భద్రాచలం వెళ్ళే బస్సు గోదావరి వంతెన ఎక్కగానే మా వెంట వచ్చే విద్యార్థులు ఒకటే ప్రశ్న వేస్తారు: ఇది ఏ రాష్ట్రం? అవతలి పట్టణం తెలంగాణ. దాన్ని దాటితే ఎటపాక, అది ఆంధ్రప్రదేశ్. అదే దారిన ఇంకా ముందుకు పోతే దుమ్ముగూడెం, మళ్ళీ తెలంగాణ! పిల్లలకు నవ్వొస్తుంది. పటం గీసి నేర్పే మాకు అంత నవ్వు రాదు.

తానీషా ఏలుబడి నుండి నిజాం సర్కారు దాకా ఈ నదికి రెండు గట్లూ ఒకే రాజ్యంలో ఉండేవి. 1860 ఒప్పందంతో నిజాం ఎడమ గట్టును ఆంగ్లేయులకు వదులుకున్నాడు. భద్రాచలం చివరకు మద్రాసు రాష్ట్రంలో చేరింది. కుడి గట్టున ఉన్న బూర్గంపహాడు, కుక్కునూరు, వేలేరుపాడు హైదరాబాదులోనే మిగిలాయి. నదే సర్‌హద్ అయింది.

1955లో జస్టిస్ ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచమని సిఫారసు చేసింది. అది అమలై ఉంటే భద్రాచలం గుడితో సహా ఆంధ్రలోనే ఉండేది. 1956లో రాష్ట్రాలు కలిశాయి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను తూర్పుగోదావరి నుండి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. ఒకే ఇంట్లో ఒక గది సామాను మరో గదిలోకి మార్చినట్లే అనుకున్నారు. ఆ గదుల మధ్య ఒకనాడు గోడ లేస్తుందని ఎవరు ఊహించారు?

బోస్నియా అనే చిన్న రిపబ్లిక్ కథ పెద్దలకు గుర్తుండే ఉంటుంది. అక్కడా యుగోస్లావియా దేశం లోపల పాలన కోసం ఉన్న గీతలే 1992లో దేశాల సరిహద్దులయ్యాయి. వాటిని మార్చాలని పట్టుబట్టినవారు తుపాకులు పట్టారు. 1995 దాకా రక్తం పారింది. మన దగ్గర అల్లా దయవల్ల అంతటి ఘోరం జరగలేదు, పోలిక గీత వరకే.

2014లో తెలంగాణ ఏర్పడింది. మే నెలాఖరున వచ్చిన ఆర్డినెన్సును జులైలో పార్లమెంటు చట్టం చేసింది. ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రకు పోయింది. 1956కు ముందు అది ఆంధ్రదే కదా అన్నారు. మరి కుక్కునూరు, వేలేరుపాడు నిజాం భూములు కావా? అసలు ఆంధ్రలో ఉండిన భద్రాచలం పట్టణాన్ని తెలంగాణలోనే ఎందుకు ఉంచారు? అంటే కొలబద్ద చరిత్ర కాదు, పోలవరం ముంపు నీరు.

పాత గీతే నిలిచి ఉంటే ఏమయ్యేది? పోలవరం మీద ఒడిశా సుప్రీంకోర్టుకెక్కింది. అలాగే ఈ కోయ, కొండరెడ్డి కుటుంబాల తరఫున వాదించడానికి ఆనకట్ట కట్టని ప్రభుత్వం ఒకటి ఉండేది. ఆనకట్ట, నిర్వాసితులు ఒకే ప్రభుత్వం కింద ఉంటే పునరావాసం సులువన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. కానీ కట్టేవాడే పరిహారం లెక్కగట్టే చోట బీదవాడి గొంతు ఎంత దూరం వినిపిస్తుంది? ఏ రాష్ట్రంలో ఉంటారని ఆ ఊళ్ళలో ఓటు పెట్టి అడిగినవారు లేరు.

రామాలయం తెలంగాణలో ఉండగా, దాని మాన్యాలు పురుషోత్తపట్నంలో, ఆంధ్రలో చిక్కాయి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. ఆ వరద తీశాక ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు గ్రామాలవారు తమను తెలంగాణలో కలపమంటూ రోడ్డెక్కారు.