గాడ్జిల్లా – ఉపసంహారం లేని అస్త్రం

1954 మార్చి 1న పసిఫిక్ మహాసముద్రంలోని బికినీ దీవుల వద్ద అమెరికా హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. ఆ విస్ఫోటనపు బూడిద దూరాన చేపలు పడుతున్న 'లక్కీ డ్రాగన్' అనే జపాను పడవపై కురిసింది. అందులోని 23 మందీ అస్వస్థులయ్యారు. రేడియో ఆపరేటరు ఐకిచి కుబోయామా సెప్టెంబరులో కన్నుమూశాడు. ఆ ఏడాది నవంబరు 3న టోహో సంస్థ 'గాడ్జిల్లా' చిత్రాన్ని విడుదల చేసింది. నడిసముద్రంలో ఒక నౌక మంటల్లో మునిగిపోవడంతో ఆ కథ మొదలవుతుంది. దాని అర్థాన్ని ఆనాటి జపాను ప్రేక్షకులకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

కథ పైకి సామాన్యమే. బాంబు పరీక్షల తాకిడికి సముద్రగర్భం నుండి లేచిన ప్రాచీన జంతువొకటి టోక్యో నగరాన్ని ధ్వంసం చేస్తుంది. బరువైన తొడుగు ధరించిన నటుడు బొమ్మ మేడల నడుమ నడిచాడని తెలిసి నేటి యువకులు నవ్వుకోవచ్చు. ఆ నవ్వు ఆసుపత్రి దృశ్యం వద్ద ఆగిపోతుంది. క్షతగాత్రులు నేలపై వరుసగా పడి ఉంటారు. అణుధార్మికతను కొలిచే పరికరాన్ని ఒక పసిబిడ్డ దగ్గరకు చేర్చిన శాస్త్రవేత్త నిరాశతో తల అడ్డంగా ఊపుతాడు. దర్శకుడు ఇషిరో హోండా చైనాలో సైనికుడిగా పనిచేసి, యుద్ధానంతరం స్వదేశానికి తిరిగివస్తూ శిథిలమైన హిరోషిమాను చూసినవాడు.

అయినా ఈ చిత్రానికి ప్రాణం ఆ జంతువు కాదు, సెరిజావా అనే శాస్త్రవేత్త. నీటిలోని ప్రాణవాయువును నశింపజేసే సాధనాన్ని ఆయన కనుగొన్నాడు. గాడ్జిల్లాను చంపగలిగినది అదొక్కటే. కాని ఒక్కసారి ప్రయోగిస్తే పాలకులు దానిని యుద్ధాయుధంగా మార్చుకుంటారని ఆయన భయం. భారతంలో సౌప్తికపర్వం చదివినవారికి ఈ సంకటం కొత్తది కాదు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు. అశ్వత్థామ అది చేతగాక ఉత్తర గర్భం మీదికి మళ్లించాడు. తన ఆయుధానికి ఉపసంహారం లేదని సెరిజావాకు తెలుసు. అందుకే పరిశోధన పత్రాలను కాల్చివేసి, గాడ్జిల్లాతోపాటు తానూ కడలి అడుగున నశిస్తాడు.

అయితే ఇంతటి చిత్రంలోనూ ఒక మౌనం ఉంది. టోక్యో దహనాన్ని అంత ఆర్ద్రంగా చూపిన హోండా, తాను స్వయంగా పనిచేసిన చైనాలో జపాను సేనలు రగిల్చిన నిప్పును ప్రస్తావించలేదు. ఇది నిజమైన శోకమే గాని, సగం శోకం. 1956 నాటి అమెరికా ప్రతి మరొక మౌనాన్ని జోడించింది. కథలో ఒక అమెరికన్ పాత్రికేయుణ్ణి చొప్పించి, అణుపరీక్షలపై ఉన్న విమర్శను చాలావరకు తొలగించింది. కత్తిరింపులు లేని మూలచిత్రం అమెరికా థియేటర్లలో విస్తృతంగా ప్రదర్శితం కావడానికి 2004 వరకు ఆగవలసి వచ్చింది.