గేటు నుంచి వచ్చినోడు, గోడ దూకినోడు (14వ భాగం)



2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది మనదేశపోళ్లను సంకెళ్లేసి తెచ్చి అమృత్‌సర్‌ల దించింది. ఆ రోజు సిద్దిపేటల నేనున్న ఒక వాట్సాప్ గ్రూపుల ఒక పెద్దమనిషి రాసిండు: "దొంగదారిన పోతే గంతే. మా అల్లుడు లైన్ల నిలబడి పోలేదా?" కింద వరుసగా దండాలు.

ఆ అల్లుడి సంగతి నాకు ఎరుకే. చదువుకు పోయిండు. వీసా గడువు అయిపోయినంక మూడేండ్లు కాగితం లేకుంటనే ఉన్నడు. అక్కడి పౌరసత్వమున్న తెలుగమ్మాయిని పెండ్లి చేసుకున్నడు, గ్రీన్‌కార్డు వచ్చింది. తప్పేం లేదు, రావాలె కూడా. నా కొట్లాట అల్లుడితోని కాదు, మామ నోటితోని.

అక్కడి చట్టం చూడుండ్రి. ఎయిర్‌పోర్టుల ముద్ర వేయించుకుని లోపలికి పోయినోడు గడువు దాటి ఉన్నా సరే, పౌరురాలి మొగడైతే ఆ దేశం విడవకుండనే గ్రీన్‌కార్డుకు పెట్టుకోవచ్చు. ముద్ర లేకుంట సరిహద్దు దాటినోడు అదే పౌరురాలిని చేసుకుని, పిల్లల్ని కని, పదిహేనేండ్లు పన్ను కట్టినా మామూలుగ ఆ వీలు లేదు. సొంత దేశం పోయి కాన్సులేట్‌ల అడుగాలె. ఏడాది మించి కాగితం లేకుంట ఉన్నోడు ఒక్కసారి బయట కాలు పెడితే 1996 చట్టం కింద పదేండ్లు తలుపు మూత. మినహాయింపు అడుక్కోవచ్చు. కానీ తను లేకుంటే భార్య ఎంత ఘోరంగ నష్టపోతదో రుజువు చెయ్యాలె. ఇద్దరూ కాగితం లేనోళ్లే, ఇద్దరివీ నిజం పెండ్లిళ్లే. ఎవడు ఏ గుమ్మం నుంచి వచ్చిండన్నదే తేడా. గుమ్మాల లెక్క మా వాడకు కొత్తగ చెప్పాల్నా?

ఆ గుమ్మం ముందర నిలబడాలంటే బ్యాంకుల పైసలు చూపాలె, ఆస్తి కాగితాలు చూపాలె. భూమి ఎవరికున్నదో మీకు తెలుసు. సంబంధం కూడా ఊరికే దొరకలే, కులపోళ్ల మ్యారేజ్ బ్యూరోల దొరికింది. కులాన్ని నిలబెట్టేది కులంలోనే పెండ్లి అని అంబేద్కర్ 1916లో కొలంబియాలో చదివిన పత్రంలోనే తేల్చిండు. ఇప్పుడు ఆ పెండ్లి గ్రీన్‌కార్డు కూడా ఇప్పిస్తున్నది.

గోడ దూకినోళ్లకు 2024 జూన్‌లో బైడెన్ చిన్న కిటికీ తెరుస్తనన్నడు. పదేండ్లు దాటి ఉంటున్న భార్యాభర్తలు సుమారు 5 లక్షల మందికి ఇంటికాడ నుంచే దరఖాస్తు. ఆగస్టు 19న మొదలైంది, వారానికే టెక్సాస్ కోర్టు ఆపింది, నవంబర్ 7న మొత్తానికే కొట్టేసింది. దీని మీద మన గ్రూపులల్ల ఒక్క ముక్క లేదు. అదే 2019లో అమెరికా ప్రభుత్వమే ఫార్మింగ్టన్ పేరుతో ఉత్తుత్తి యూనివర్సిటీ పెట్టి 129 మంది మన విద్యార్థులను పట్టుకున్నప్పుడు, అందుల తెలుగోళ్లే ఎక్కువ గనక, సంఘాలు కదిలినయి, లాయర్లు వచ్చిండ్రు. మంచిదే. ఆ పిల్లలను ఇదే పెద్దమనిషి "పాపం" అన్నడు.

మరి గల్ఫ్? సిద్దిపేట, సిరిసిల్ల ఊర్ల నుంచి పోయి, జీతం ఇయ్యని కంపెనీని విడిచి బయటపడ్డోణ్ని ఖల్లివెల్లి అంటరు. వాడికి పెండ్లితోని ఏ కాగితమూ రాదు. కాగితమున్నోడికే దిక్కు లేదు. యూఏఈలో భార్యను తెచ్చుకోవాలంటే 4 వేల దిర్హాముల జీతం, లేకుంటే 3 వేలూ ఇల్లూ ఉండాలె. మా చిన్నాయన కొడుక్కు 1,100. మా మరదలు దుబాయ్‌ను ఫోన్‌లనే చూసింది. అంటే మొగడు పెండ్లాం కలిసుండుడు అక్కడ హక్కు కాదు, జీతం స్లిప్పు మీద అచ్చయిన హోదా.

2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా అక్కడ క్షమాభిక్ష పెట్టిండ్రు. జరిమానా లేకుంట ఇంటికి పో, లేదా కొత్త కఫీల్‌ను చూసుకో. అంటే ఇంకో దొరను వెతుక్కో. క్షమాభిక్షనట! జీతం ఎగ్గొట్టినోడు ఎవని క్షమాపణా అడగలే.

తమ్ముడు డిసెంబర్‌ల వాపస్ వచ్చిండు. ఏడేండ్ల బిడ్డ వాణ్ని చూసి తలుపెనక దాక్కున్నది. మొన్న బాండ్ పేపర్ పట్టుకొచ్చిండు. అప్పు ఇంకా తీరలే, మళ్ల పోతనంటున్నడు.