ఒక్క 'న్' కోసం

డు, ము, వు, లు అంటూ బళ్లో విభక్తులు వల్లెవేశాం కదా. అవి దేనికో నాకు బాగా అర్థమైంది ఎస్పరాంటో నేర్చుకుంటున్నప్పుడు. కంటి డాక్టరు జామెన్‌హోఫ్ 1887లో వార్సాలో ప్రకటించిన భాష అది. వ్యాకరణం మొత్తం 16 సూత్రాలు.

అందులో 'హుండో' అంటే కుక్క, 'కాటో' అంటే పిల్లి. కర్మకి చివర 'న్' చేర్చాలి. 'హుండో మోర్దిస్ కాటోన్' అన్నా, 'కాటోన్ మోర్దిస్ హుండో' అన్నా కరిచింది కుక్కే. మన 'పిల్లిని కుక్క కరిచింది' లాగే. ప్రోగ్రామర్ల భాషలో చెప్పాలంటే, ఆర్గ్యుమెంట్లని పేరుపెట్టి పంపడం. వరస మారినా ఫర్వాలేదు.

మనకి 'ఇంట్లో', 'ఇంట్లోకి' వేరు. అక్కడ 'ఎన్ లా డోమో' అంటే ఇంట్లో, 'ఎన్ లా డోమోన్' అంటే ఇంట్లోకి. అదే 'న్'!

అయితే మనం కాస్త పొదుపరులం. 'పుస్తకం చదివాను' అంటాం, పుస్తకం మనల్ని చదవదు కాబట్టి. 'అమ్మ చూశాను' అని మాత్రం అనం. ఎస్పరాంటోకి ఈ వెసులుబాటు లేదు. పుస్తకానికీ 'న్' ఉండాల్సిందే, దాని ముందున్న విశేషణానికీ ఉండాల్సిందే. నేర్చుకునేవాళ్లు విసుక్కునేది ఇక్కడే.

1894లో జామెన్‌హోఫే ఈ 'న్' తీసేద్దామని ప్రతిపాదించాడు. భాష వాడుతున్నవాళ్లు ఓటేసి, సంస్కరణలే వద్దన్నారు. 1907లో ఎస్పరాంటోని సవరించి 'ఇడో' చేసినవాళ్లు, కర్మ కర్తకన్నా ముందొస్తేనే 'న్' చాలన్నారు. అయినా ఈనాటికీ ఎక్కువమంది మాట్లాడేది ఎస్పరాంటోనే.

'ఆమెకన్నా నేను నిన్ను ఎక్కువ ప్రేమిస్తున్నాను' అని చూడండి. ఆమె నిన్ను ప్రేమిస్తున్నదానికన్నా అనా, నేను ఆమెను ప్రేమిస్తున్నదానికన్నా అనా? తెలుగులో రెండూ ఒకే వాక్యం. ఎస్పరాంటోలో చివర 'షి' అంటే మొదటిది, 'షిన్' అంటే రెండోది. కాపురాలు నిలబెట్టే హల్లు!

ఇక్కడ పెరుగుతున్న మా పాప 'పిల్లి కుక్క కరిచింది' అంటుంది. ఏది దేన్ని కరిచిందో నేను అడుగుతాను. 'పిల్లిని' అని దిద్దుకుంటుంది. పుట్టించినవాడే వదిలేద్దామన్న ప్రత్యయాన్ని వాడేవాళ్లు నిలుపుకున్నారు. పుట్టించినవాళ్ల పేరే తెలియని మన 'ని'ని నిలుపుకోవాల్సిందీ వాడేవాళ్లే, అంటే మనమూ మన పిల్లలూ.